వంద డాలర్ల చాటుమాటు

ఓడ ఎక్కడానికి ఒక టిక్కెట్టు. ఎక్కాక, ఆ ఓడ ఎలా నడుస్తోందో చూడటానికి మరో టిక్కెట్టు. పిల్లాపాపలతో వెళ్ళే విహార ఓడల్లో ఈ రెండో టిక్కెట్టుకు రకరకాల ముద్దుపేర్లు. రాయల్ కరీబియన్ వారిది ‘ఆల్ యాక్సెస్ టూర్’, కార్నివాల్ వారిది ‘బిహైండ్ ద ఫన్’, ప్రిన్సెస్ వారిది ‘అల్టిమేట్ షిప్ టూర్’. తలకు సుమారు వంద డాలర్లు, ఓడను బట్టి ఆపైన. మన లెక్కలో ఎనిమిది తొమ్మిది వేలకు తక్కువ లేదు. రెండు మూడు గంటలపాటు వంటశాల, సరుకుల కొట్లు, లాండ్రీ, నాటకశాల వెనుక గదులు, చెత్త వేరుచేసే గది, ఇంజన్ కంట్రోల్ రూము తిప్పి, చివర్లో కెప్టెన్ ఉండే బ్రిడ్జి మీదికి తీసుకెళ్తారు. ఇదంతా ఎందుకయ్యా అంటే, మా దగ్గర దాపరికమే లేదని చెప్పడానికట. దాపరికం లేనివాళ్ళు ఆ సంగతి చెప్పడానికి టిక్కెట్టు పెట్టడం నేనెక్కడా చూడలేదు.

‘ఆల్ యాక్సెస్’ ఎంతవరకో బయల్దేరకముందే తెలుస్తుంది. చాలాచోట్ల ఫోను తీయకూడదు, ఫొటో పట్టకూడదు. కాలివేళ్ళు కనిపించే చెప్పులు పనికిరావు. ఏం జరిగినా కంపెనీది పూచీ కాదన్న కాగితం మీద సంతకం పెట్టాలి. కొన్నిచోట్ల ఒళ్ళంతా మెటల్ డిటెక్టరుతో తడిమించుకోవాలి. ముందొక సెక్యూరిటీ మనిషి, వెనకొక సెక్యూరిటీ మనిషి, మధ్యలో అన్నిచోట్లకూ ప్రవేశం ఉన్న మనం. పేరుకు కుటుంబ ఓడే గానీ, పిల్లల్ని వెంట తీసుకెళ్దామంటే చాలా ఓడల్లో కనీస వయసు నిబంధన అడ్డొస్తుంది. ఆ గుంపులో ఎవరైనా ‘అంకుల్, మీరు ఇంటికి ఎప్పుడెళ్తారు?’ అని అడగగలిగితే అది ఆ పిల్లలే. వాళ్ళు ఆ సమయానికి పై డెక్కు మీద నీళ్ళ గొట్టాల్లోంచి జారుతూ ఉంటారు.

మనవాళ్ళకూ ఈ సరదా బాగానే అంటుకుంది. డాలస్, హ్యూస్టన్ తెలుగు ఇళ్ళకు గాల్వెస్టన్ రేవు కారెక్కితే అందేంత దూరం. ఇండియా నుంచి అమ్మానాన్నలు దిగగానే నయాగరా అయిపోయాక చూపించేది ఓడే. నాన్నగారికి ఈత కొలను వద్దు, క్యాసినో వద్దు. ‘పోనీ ఓడ లోపలంతా చూపిస్తారట, వెళ్ళండి’ అని కొడుకు టిక్కెట్టు కొనిపెడతాడు. ఆయన తిరిగొచ్చి భోజనాల బల్ల దగ్గర ఓడలో వాడే గుడ్ల లెక్క చెప్తారు.

మన పెళ్ళిళ్ళలో వంటశాలలోకి తొంగిచూసే మనిషి ఒకడుంటాడు, పిల్ల మేనమామ. పులిహోర రెండో పంక్తికి చాలుతుందా, గారెల పిండి ఉందా అని చూసి వస్తాడు. అతనికెవరూ టిక్కెట్టు కొట్టరు, అతనూ చప్పట్లు కొట్టడు. ముఖ్యమైన సంగతేమిటంటే, వంటమేస్త్రిని ఎంతకు మాట్లాడారో, ఎంత అడ్వాన్సు ఇచ్చారో, ఇంకా ఎంత బాకీయో అతనికి తెలుసు. వంద డాలర్లిచ్చి ఓడ వంటశాల చూసొచ్చినవాళ్ళకు తెలియనిది సరిగ్గా అదే.

అంకెలు లేక కాదు, ఎవరూ చెప్పకపోవడం వల్ల. ఓడ మీద అంకెలకు కరువా? వారానికి ఎన్ని వేల గుడ్లు, ఎన్ని టన్నుల బంగాళాదుంపలు, రోజుకు ఎన్ని తువ్వాళ్ళు ఉతుకుతారు, గైడు దండకంలా చదువుతాడు. 2024 జనవరిలో మయామీ నుంచి తొలి యాత్రకు బయల్దేరిన ‘ఐకాన్ ఆఫ్ ద సీస్’ సంగతైతే ఇక చెప్పక్కర్లేదు. పొడవు 365 మీటర్లు, డెక్కులు 20, ఈత కొలనులు 7, జారుడు గొట్టాలు 6, నిండితే 7,600 మంది ప్రయాణికులు, 2,350 మంది సిబ్బంది. అంతా విని ‘అబ్బో’ అంటాం.

ఆ దండకంలోకి రాని అంకెలు కొన్ని ఉన్నాయి. ఓడ పనివాళ్ళ కోసం చేసిన అంతర్జాతీయ ఒప్పందం, మారిటైమ్ లేబర్ కన్వెన్షన్, 2013లో అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం ఒక దేశం రెండు కొలతల్లో ఏదో ఒకటి ఎంచుకోవచ్చు. ఒకటి, వారానికి 72 గంటలకు మించి పని చేయించకూడదు. రెండోది, వారానికి 77 గంటలకు తగ్గకుండా విశ్రాంతి ఇవ్వాలి. వినడానికి రెండోదే దయగా ఉంది కదా? వారానికి 168 గంటలు, అందులోంచి 77 తీసేయండి. మిగిలేది 91. అంటే రోజుకు 13 గంటలు, ఆదివారం లేకుండా, ఏ చట్టాన్నీ మీరకుండా. ‘ఏబుల్ సీమన్’ హోదా ఉన్న నావికుడికి అంతర్జాతీయంగా నిర్ణయించిన కనీస మూల వేతనం 2025లో నెలకు 673 డాలర్లు. అది నావికుడి కొలత. పరుపు దులిపేవాడిదీ, పళ్ళేలు కడిగేవాడిదీ ఎంతో గైడుని అడిగి చూడండి, వెంటనే గుడ్ల దగ్గరికి వెళ్ళిపోతాడు. పాపం, అతనిదీ కాంట్రాక్టు ఉద్యోగమే.

ఇంతకీ ఆ చట్టం ఎవరిది? రాయల్ కరీబియన్ వారి ఆఫీసు మయామీలో, కంపెనీ రిజిస్ట్రేషన్ లైబీరియాలో, ఓడ మీద జెండా బహామాస్‌ది, వంటవాడు గోవా వాడు. పక్క కంపెనీ కార్నివాల్ రిజిస్టరైంది పనామాలో. జీతం సంగతి అడగాలంటే ఏ దేశం వైపు తిరిగి అడగాలో తేల్చుకునేలోపు ఆ కుర్రాడి కాంట్రాక్టు ముగిసిపోతుంది.

టూరులో అందరికీ బాగా నచ్చేది కింది డెక్కులో ఓడ ఈ చివర నుంచి ఆ చివరి దాకా సాగే పొడవాటి నడవ. అమెరికా తూర్పు తీరం వెంబడి వెళ్ళే హైవే పేరు మీద దాన్ని ‘ఐ-95’ అంటారు. ట్రాలీలు, ఫోర్కులిఫ్టులు, డ్యూటీ మారి పరుగెత్తే మనుషులు, గోడల మీద నోటీసులు. గైడు ఆ పేరు చెప్పగానే అందరూ నవ్వుతారు. నడవలోంచి సిబ్బంది గదుల వైపు వెళ్ళే తలుపులు మాత్రం సాధారణంగా టూరులో ఉండవు. ఆ గదుల్లో ఒకదానిమీద ఒకటి రెండు మంచాలు, ఇద్దరు మనుషులు, చాలావాటికి కిటికీ లేదు. వాళ్ళ ఏకాంతాన్ని గౌరవించాలి కదా అంటారు. నిజమే, నేనూ ఒప్పుకుంటాను. పని చేసుకుంటున్న మనిషిని యాత్రకో గుంపు వచ్చి గుడ్లప్పగించి చూడటం ఆ గౌరవానికి ఎందుకు అడ్డు కాదో అంతుబట్టదు.

చెత్త గది దగ్గరికొద్దాం, ఎందుకంటే కంపెనీ గొప్పలు పోయేది అక్కడే. సీసాలు వేరు, డబ్బాలు వేరు, అట్టలు వేరు. ఇంత శుభ్రమైన చెత్తను చూసి మన మున్సిపాలిటీని తిట్టుకోని తెలుగువాడు ఉండడు. ఇప్పుడు వినండి. ప్రిన్సెస్ వారి ‘కరీబియన్ ప్రిన్సెస్’ ఓడలో 2013లో కొత్తగా చేరిన ఒక ఇంజనీరు, శుద్ధి యంత్రాన్ని తప్పించి నూనె కలిసిన మురికినీళ్ళను నేరుగా సముద్రంలోకి పంపే దొంగ గొట్టాన్ని చూసి, ఇంగ్లండులో ఓడ దిగిపోయి అక్కడి అధికారులకు చెప్పాడు. ఆ వ్యవహారం 2005 నుంచీ సాగుతోందని తేలింది. 2016లో కంపెనీ నేరం ఒప్పుకుంది. జరిమానా 4 కోట్ల డాలర్లు. ఆ ఇంజనీరు చేసినదాన్ని కదా తెర వెనుక టూరు అనాలి! అతను టిక్కెట్టు కొనలేదు, ఉద్యోగం వదులుకున్నాడు.

కథ అక్కడితో ఆగలేదు. మాతృసంస్థ కార్నివాల్‌ను కోర్టు కొన్నేళ్ళు తన పర్యవేక్షణలో పెట్టింది, బయటివాళ్ళతో ఓడల్ని తనిఖీ చేయించమంది. 2019లో అదే కంపెనీ ఆ షరతుల్ని ఉల్లంఘించినట్టు ఒప్పుకుని మరో 2 కోట్ల డాలర్లు కట్టింది. ఒప్పుకున్నవాటిలో ఒకటి నాకు బాగా నచ్చింది: తనిఖీవాళ్ళు వెళ్ళేలోపే గుట్టుగా సొంత బృందాలను ఓడలమీదికి పంపి, అంతా సర్దిపెట్టించారట. కోర్టు పంపిన మనిషికే ముందు సర్దిపెట్టి చూపించినవాళ్ళు, వంద డాలర్లిచ్చిన మన నాన్నగారికి సర్దకుండా చూపిస్తారా?

వంటశాలదీ అదే వరస. అమెరికా రేవులకు వచ్చే ఓడల శుభ్రతను అక్కడి ఆరోగ్య శాఖవాళ్ళు చెప్పాపెట్టకుండా వచ్చి చూసి, 100కు మార్కులేస్తారు. 85, అంతకు తక్కువైతే ఫెయిలు. 2013లో అలాస్కాలోని స్కాగ్వేలో ‘సిల్వర్ షాడో’ అనే ఖరీదైన ఓడకు 82 వచ్చాయి. తనిఖీవాళ్ళ కంటపడకుండా మాంసం, చీజు ట్రాలీలకెత్తి సిబ్బంది పడుకునే గదుల్లో దాచారు. టూరులో తెరవని ఆ తలుపుల వెనక ఏకాంతంతో పాటు ఒక్కోసారి చీజు కూడా ఉంటుందన్నమాట.

బ్రిడ్జి గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. సినిమాల్లో చూపించే పెద్ద చక్రం ఉండదు, తెరలూ మీటలూ ఉంటాయి. ఒకప్పుడు ప్రయాణికుల్ని ఊరికే రానిచ్చేవారు, 2004 నుంచి అమలైన ఓడల భద్రతా నిబంధనలతో అది ఆగిపోయింది. 2012 జనవరిలో ఇటలీలో జిలియో దీవి దగ్గర ‘కోస్టా కాంకోర్డియా’ రాతికి తగిలి 32 మంది చనిపోయారు. ఆ రాత్రి బ్రిడ్జి మీద పనిలేనివాళ్ళు కూడా ఉన్నారని విచారణలో బయటపడింది. ఆ తర్వాత ఇరుకు దారుల్లో, రేవుల దగ్గర బయటివాళ్ళను బ్రిడ్జి మీదికి రానివ్వకూడదని ఓడ కంపెనీలే నియమం పెట్టుకున్నాయి. మంచి నియమం, ఎగతాళి చేయను. కాకపోతే మనం డబ్బిచ్చి చూసేది, అక్కడ చూడ్డానికేమీ జరగని సమయంలోనే.

ఇంజన్ కంట్రోల్ రూములో ఇంజన్ ఉండదు, దాని బొమ్మ ఉన్న తెరలుంటాయి. అసలు సంగతి చూడాలనుకున్నవాళ్ళకు 2013 ఫిబ్రవరిలో ఆ భాగ్యం ఉచితంగా దక్కింది. మన గాల్వెస్టన్ నుంచే బయల్దేరిన ‘కార్నివాల్ ట్రయంఫ్’ ఇంజన్ గదిలో మంటలు లేచి, కరెంటు పోయింది. 3,143 మంది ప్రయాణికులు, 1,086 మంది సిబ్బంది మెక్సికో సింధుశాఖలో నాలుగు రోజులు తేలుతూ ఉండిపోయారు. మరుగుదొడ్లు పనిచేయలేదు, నడవల్లోకి మురుగొచ్చింది, జనం పరుపులు బయటికి లాక్కొచ్చి డెక్కు మీద పడుకున్నారు. చివరికి ఓడను తాళ్ళతో అలబామాలోని మొబైల్ రేవుకు లాక్కొచ్చారు. కంపెనీ టిక్కెట్టు డబ్బు తిరిగిచ్చి తలకు 500 డాలర్లు పైన ఇచ్చింది. చూసినవాడికే కంపెనీ డబ్బిచ్చిన టూరు నాకు తెలిసి అదొక్కటే. ఓడను ఆ తర్వాత బాగుచేసి, 2019లో ‘కార్నివాల్ సన్‌రైజ్’ అని పేరు మార్చి మళ్ళీ సముద్రంలోకి వదిలారు.

తెర వెనుక సంగతి మరోసారి బయటికొచ్చింది. 2020 ఫిబ్రవరిలో యోకొహామా రేవులో కరోనాతో నిలిచిపోయిన ‘డైమండ్ ప్రిన్సెస్’లో 138 మంది భారతీయులున్నారు. వాళ్ళలో 132 మంది సిబ్బంది. ప్రయాణికుల్ని గదుల్లోంచి కదలొద్దన్నారు. మరి వాళ్ళకు మూడుపూటలా భోజనం తలుపు దగ్గరికి ఎలా వచ్చింది? మనవాళ్ళు వండారు, మనవాళ్ళు మోశారు, రాత్రికి గదికి ఇద్దరేసి పడుకున్నారు. వాళ్ళలో కొందరు, మమ్మల్ని బయటపడేయండని ఫోనులో వీడియో తీసి పంపారు. ఫోను తీయకూడదన్న నిబంధన ఎందుకుందో ఆ రోజు అందరికీ అర్థమైంది.

ఇక ఈ విహార ఓడలు మన విశాఖ రేవుకే వచ్చేశాయి. 1990లో ‘నార్డిక్ ఎంప్రెస్’గా పుట్టి, రాయల్ కరీబియన్ వారి దగ్గర చాలాకాలం తిరిగిన ఓడే ఇప్పుడు కార్డీలియా అనే కంపెనీ వారి ‘ఎంప్రెస్’. 2022లో విశాఖ వచ్చినప్పుడు ఊరంతా బీచికి వెళ్ళి చూసింది. 2023లో క్రూజు టెర్మినల్ కూడా తెరిచారు. ఓడ ఉద్యోగాల పేరుతో ఏజెంట్లకు లక్షలు పోసి మోసపోయిన ఉత్తరాంధ్ర కుర్రాళ్ళ వార్తలు అదే ఊళ్ళో, అదే పేపర్లలో వస్తుంటాయి. ఉద్యోగం ఇప్పించినందుకు ఓడ పనివాడి దగ్గర పైసా తీసుకోకూడదని పైన చెప్పిన ఒప్పందంలోనే ఉంది. పైన విహారం, కింద ఏజెంటు. ఆ కింది అంతస్తుకు టూరు పెట్టే మొనగాడు ఇంకా పుట్టలేదు.

ఇంత చెప్పినా టూరు చూసితీరాలని ఉబలాటపడేవాళ్ళు ఉంటారు. వాళ్ళకు నాదొక బేరం. మీ గది ఊడ్చే మనిషి నడవలో రోజూ ఎదురవుతాడు. ఏ ఊరు, ఎన్ని నెలలైంది, ఇంట్లో ఎవరున్నారు, మళ్ళీ ఎప్పుడు వెళ్తావు అని అడగండి. పని చూసుకుంటూనే చెప్తాడు, ఎక్కువసేపు ఆపకండి. కంపెనీ మీ ఖాతాలోంచి తలకు రోజుకు ఇంతని టిప్పు పేరుతో కోసుకుంటుంది, అది వేరు. టూరుకని తీసిపెట్టుకున్న వంద డాలర్లూ కవర్లో పెట్టి ఆఖరి రోజు అతని చేతిలోనే పెట్టండి. టూరులో చూసేదానికంటే ఓడ లోపలి సంగతి మీకు ఎక్కువ తెలుస్తుంది. ఒక్కటే నష్టం: టూరు ముగిశాక కంపెనీవాళ్ళు నవ్వుతూ పెట్టే టోపీ మీకు దక్కదు.