లామినేషన్ సేద్యం

మా మేనల్లుడు గురువారం సాయంత్రం నాలుగు గంటలకి రైతయ్యాడు. ఏడు రోజుల శిక్షణ, రోజుకి రెండు టీలు, ఆఖర్న గ్రూపు ఫొటో, ఆపైన సర్టిఫికెట్. కొంపకి రాకుండానే దాన్ని లామినేషన్ చేయించాడు. "అంత తొందరేంట్రా?" అంటే, "పొలంలోకి తీసుకెళితే తడిసిపోదా మావయ్యా" అన్నాడు. పొలంలోకి సర్టిఫికెట్ దేనికో నాకు తట్టలేదు. వరి అడిగితే చూపించాలేమో.

శిక్షణ గురించి వాడు చెప్పగా విన్నదే నేను చెబుతున్నాను. తొమ్మిదిన్నరకి మొదలవ్వాల్సింది, జ్యోతి వెలిగించాల్సిన పెద్దమనిషి పదకొండుంబావుకి వచ్చాక మొదలైంది. మొదటిరోజు పాతికమంది రైతుబిడ్డల్ని కూర్చోబెట్టి, వ్యవసాయం దేశానికి వెన్నెముక అని తెలియజేశారు. ఇంట్లో ఆ వెన్నెముకకి అమృతాంజనం రాసేది వాళ్ళే కాబట్టి ఎవరూ ఆశ్చర్యపోలేదు. నేలల గురించి చెప్పినప్పుడు నల్లరేగడీ, ఒండ్రూ, చౌడూ అన్నీ తెర మీదే కనిపించాయి, ఒకే రంగులో. ప్రొజెక్టరులో ఏదో లోపమట.

అన్నిట్లోకీ డ్రోను పాఠమే రక్తి కట్టింది. పది లీటర్ల ట్యాంకు, ఎకరానికి పదినిమిషాలైనా పట్టదు. నడపాలంటే 18 ఏళ్ళు నిండాలి, పదో తరగతి పాసవ్వాలి, శిక్షణ పొంది పైలటు సర్టిఫికెట్టూ తెచ్చుకోవాలి. దుక్కి దున్నడానికి మాత్రం ఇవేవీ అక్కర్లేదు. అక్కర్లేదు కాబట్టే దానికి విలువా లేదని మావాడి సిద్ధాంతం. కంప్యూటరు మీద వాడు డ్రోనుని చక్కగా దింపుతాడట. మా చేలో ఆయిలింజనుకి హ్యాండిలు వేసి తిప్పమంటే మాత్రం, పాముని చూసినట్టు చూస్తాడు.

ఆరోరోజు ప్రాక్టికల్స్. బస్సులో తీసుకెళ్ళారు. ముందురోజు రాత్రి వాన పడడంతో పొలం బురదగా ఉందని బస్సు దిగలేదు. వరిచేను బురదగా ఉండడం, అందులోనూ సార్వా ఊడ్పుల్లో, నిర్వాహకులు ముందుగా ఊహించని పరిణామం. కిటికీలోంచే వరి ఏది, తుంగ ఏది అన్నది చూపించి భోజనాలకి తీసుకెళ్ళారు.

నిజానికి ఈ శిక్షణల పునాది ఇలాంటిది కాదు. 1974లో పుదుచ్చేరిలో దేశంలోనే మొదటి కృషి విజ్ఞాన కేంద్రం పెట్టినప్పుడు, పని చేయిస్తూ నేర్పాలి, చేస్తూ నేర్చుకోవాలి అనుకున్నారు. మంచి మాట. ఆ మాటని నిలబెట్టేవాళ్ళు ఇప్పటికీ అక్కడక్కడా ఉన్నారు, కాదనను. మావాడికి దొరికిన చోట మాత్రం ముందు 'చేస్తూ'ని తీసేశారు. అది లేకపోయేసరికి 'నేర్చుకోవడం' ఒంటరిదైపోయి, అదీ లేచిపోయింది. టీ మిగిలింది.

ఇక మావాడు సెంటర్లో నలుగురికీ తను రైతని చెప్పడం లేదు. అగ్రి ఎంటర్‌ప్రెన్యూరట. సంబంధాలవాళ్ళకీ అలాగే చెప్పమన్నాడు. వాళ్ళు ఎన్నెకరాలని అడగరనీ, ఏ ఊళ్ళో ఉద్యోగమని అడుగుతారనీ నేను చెప్పలేదు. ఏడు రోజుల ఉత్సాహం మరి, పాడుచేయబుద్ధి కాలేదు.

శనివారం మా చేలో ఊడ్పులు. ముఠా మేస్త్రమ్మ గట్టు మీద నిలబడి, "బాబూ, మడిలో నీళ్ళెక్కువున్నాయి, తియ్యండి" అంది. మావాడు తూము ఎక్కడుందో ఫోనులో వెతకలేదు గానీ, వెతికేలాగే చూశాడు. ఆవిడే పార అందుకుని గండి కొట్టి, నీళ్ళు పలచబడగానే మట్టి తొక్కి మూసేసింది. తర్వాత తాడు లాగించింది. రెండు మీటర్లకో కాలిబాట వదిలి, కుదురుకి రెండు మూడు మొక్కల చొప్పున పైపైన గుచ్చుకుంటూ పోతున్నారు ఆడవాళ్ళు. మావాడూ సరదాపడి దిగాడు. నాలుగు కుదుళ్ళు పాతాడో లేదో మేస్త్రమ్మ వెనక నించి, "అంత లోతుకి తొక్కితే పిలకలేం వస్తాయి బాబూ! చెట్టు పాతుతున్నావా?" అంది.

"కాలిబాటలు దేనికత్తా?" అన్నాడు, శిక్షణలో ఆ స్లైడు వచ్చినప్పుడు కరెంటు పోయిందట.

"గాలాడాలిగా. ఇరుగ్గా ఉంటే దోమ పట్టేస్తది."

సుడిదోమకి వ్యవసాయ విశ్వవిద్యాలయం చెప్పేదీ అదే. "ఇదంతా ఎక్కడ నేర్చుకున్నావత్తా?" అని మావాడు నిజంగానే అడిగాడు.

"మా అత్త తిడితే."

ఈవిడే వేసవిలో కాలవ పూడిక తీయడానికి ఉపాధి పనికి వెళ్తుంది. 2005 నాటి ఉపాధి హామీ చట్టం ఆ పనికి పెట్టిన పేరు, నైపుణ్యం అక్కర్లేని శారీరక శ్రమ. ఆ లెక్కన మా చేలో ఆ పూట నైపుణ్యం ఉన్నవాడు ఒక్కడే, వాడు మోకాలి లోతు బురదలోంచి కాలు పీక్కోలేక నిలబడిపోయాడు.

మావాడిది మంచి మనసు. గట్టెక్కాక మేస్త్రమ్మకి ఓ ఉపాయం చెప్పాడు. కౌశల్ వికాస్ యోజనలో, ఇదివరకే పని వచ్చినవాళ్ళని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే ఏర్పాటు ఉందనీ, పేరు తనే రాయిస్తాననీ.

"పరీక్ష ఎవరు పెడతారు బాబూ?"

"సార్లు వస్తారత్తా."

"ఆళ్ళకి ఊడ్పొచ్చా?"

మావాడు ఆలోచనలో పడ్డాడు. ఆవిడ మాత్రం ఆకు కట్టలు అందించమని కేకేసి, మళ్ళీ మడిలోకి దిగిపోయింది. ఇంతలో వాన అందుకుంది. గట్టు మీద ముఠావాళ్ళ అన్నం గిన్నెలు మూతల్లేకుండా ఉన్నాయి. మావాడు పరుగెత్తుకెళ్ళి, సంచిలోంచి సర్టిఫికెట్ తీసి పెద్ద గిన్నె మీద బోర్లించాడు. లామినేషన్ గట్టిది. ఒక్క చుక్క లోపలికి దిగలేదు.