దుప్పటంచు పద్యానికి టీకా తాత్పర్యం

ఆ. అమ్మ పాత దుప్ప టంచుతో సంచులు
తాత పంచె చింపి తలకొకటిగ
పసుపు మరక మీద పచ్చపూ వొక్కటి
కుట్టి యిచ్చునదియె కూతురనగ

అవతారిక: కాళిదాసుకు కోలాచలం మల్లినాథసూరి దొరికాడు. రాయపూర్‌లో ఇనప్పెట్టె అడుగున పుట్టిన ఈ పద్యానికి అంతటివాడు దొరక్క, పని నా మెడకు చుట్టుకుంది. కర్త్రి పేరు చెప్పుకోని ఒక పెద్దక్క. 1931లో విజయనగరం–రాయపూర్ రైలుమార్గం పూర్తయ్యాక కొలువుల కోసం, వ్యాపారం కోసం ఆ దారిన వెళ్లిన ఉత్తరాంధ్ర సంసారాల్లో వారిదొకటి. తల్లి పోయాక పంపకాలు జరిగాయి. బంగారం తూచారు, స్థలం కొలిచారు. దుప్పట్లు, గలీబులు, పంచెలున్న పెట్టె దగ్గరకు వచ్చేసరికి తమ్ముడు "ఎందుకక్కా ఆ పాత గుడ్డలు? పనమ్మాయికి ఇచ్చేయ్" అన్నాడు. దానికి సమాధానమే ఈ పద్యం.

టీక: 'అమ్మ పాత దుప్పటంచుతో': దుప్పటి + అంచు, ఇత్వసంధి. ఇక్కడ ఇకారమొక్కటే లోపించిందని వైయాకరణులు. పెట్టె తెరిచి చూస్తే దుప్పటి నడిమి భాగం కూడా లోపించి ఉంది. మనిషి దొర్లేది నడుమనే గనుక నేత అక్కడే ముందు పలచబడుతుంది. అంచులు మాత్రం కొత్తల్లో ఎలా ఉన్నాయో అలాగే ఉంటాయి. ఇది ప్రపంచమంతా ఎరిగిన సంగతే. రెండో ప్రపంచయుద్ధంలో, 1941 నుంచి బట్టలకు రేషన్ పెట్టిన బ్రిటన్‌లో ఇల్లాళ్లు దుప్పటిని నిలువునా చీల్చి, గట్టి అంచులను నడుమకు తెచ్చి కుట్టుకున్నారు. మన కవయిత్రి అంత శ్రమ పడదు, అంచు తీసుకుని నడుము వదిలేస్తుంది.

'సంచులు': పటం కట్టి గోడకు తగిలించమని కాదు. రాయపూర్ గోల్ బజార్‌కు తీసుకెళ్లి కొత్తిమీర వేసుకు రమ్మని. వాడని కానుక మళ్లీ పెట్టెలోకే పోతుందని కవయిత్రి ఎరుగును.

'తాత పంచె': పొందూరు ఖద్దరు అని సంప్రదాయం. శ్రీకాకుళం జిల్లాలో వాలుగ చేప దవడతో పత్తిని ఏకి, నూలు వడికి నేసిన గుడ్డ. 'చింపి': కత్తిరించి అనలేదేమని శంక. కత్తెర మనిషి చెయ్యి పోయిన దారిన పోతుంది, చింపితే గుడ్డ తన పోగు వెంటే తిన్నగా పోతుంది. కొసన చిన్న గాటు పెట్టి రెండు చేతులా లాగాలి. అంతకుముందు కిటికీకి ఎదురుగా పట్టి చూడాలి. వెలుగు జల్లెడలోంచి వచ్చినట్టు వస్తే అక్కడ నేత అయిపోయిందని అర్థం, ఆ ముక్కను లాగకూడదు, కుట్టకూడదు. మిగిలినదానికి పండ్రి బజారులో దొరికే పలచని నూలుగుడ్డ లైనింగు వేయాలి. ఆ లైనింగును ముందే తడిపి ఆరవేయాలి. లేకపోతే మొదటి ఉతుకులో అది కుంచించుకుపోయి, తాత పంచె ముడతలు పడుతుంది. మిషన్‌కు పదకొండో నంబరు సూది, నూలుదారం వాడాలి. పాలియెస్టర్ దారం ముసలి గుడ్డకంటే గట్టిది, లాగితే గుడ్డనే కోస్తుంది.

'తలకొకటిగ': ఇది ధర్మశాస్త్ర విషయం. యాజ్ఞవల్క్య స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర ప్రకారం ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో హక్కు కొడుకుదే. ఆంధ్రప్రదేశ్ 1986లో చట్టం సవరించి కూతురికీ సమాన వాటా ఇచ్చింది, అప్పటికే పెళ్లయినవారిని మాత్రం పక్కన పెట్టింది. రాయపూర్ అప్పుడు మధ్యప్రదేశ్‌లో ఉంది గనుక అక్కడి ఆడపడుచులు 2005లో కేంద్రం చేసిన సవరణ దాకా ఆగారు. ఈ పద్యం మాత్రం కొడుకనీ కూతురనీ చూడదు, తలలు లెక్కపెడుతుంది. కోడళ్లు, మనవలు, విడిపోయిన వదినగారు అందరికీ తలా ఒకటి. వాటాల లెక్క ఇంత సులువుగా తేలడానికి కారణం ఒకటే: ఈ ఆస్తి తనకు కావాలని ఎవరూ అడగలేదు.

'పసుపు మరక మీద': పసుపు మరకకు సబ్బు తగిలితే ఎర్రబడుతుంది, ఎండలో వేస్తే వెలిసిపోతుంది. ఎన్ని ఎండలు చూసినా పోకుండా మిగిలిన ఛాయ ఇక్కడ ఉద్దిష్టం. 'పచ్చపూవొక్కటి': పసుపుపచ్చ అని ఒక వర్గం, ఆకుపచ్చ అని మరొక వర్గం. పసుపుపచ్చ దారమైతే మరక పూవులో కలిసిపోతుంది, ఆకుపచ్చ అయితే మరక తానే పూవై దారం దానికి కాడవుతుంది. కాడకుట్టు వచ్చినవారు రెండో అర్థాన్ని, రానివారు మొదటి అర్థాన్ని గ్రహించెదరు గాక.

'కూతురనగ': కోడలు చేరదా అని పూర్వపక్షం. చేరుతుంది. కొడుకు కూడా చేరతాడు, బాబిన్‌కు దారం చుట్టడం వస్తే. ఇక్కడ కూతురనేది వరస కాదు, పని.

తాత్పర్యం: పంపకంలో అందరూ అడిగినదాన్ని పంచడానికి పెద్దమనుషులు, ప్లీడర్లు కావాలి. అందరూ వద్దన్నదాన్ని అందరికీ కావలసినదిగా చేసేవాళ్లు ఇంటికి ఒకరుంటే ఆ ఇల్లు నిలుస్తుందని భావం.

విశేషం: బొంత కుట్టే తెలుగు బామ్మా, కథరీ కుట్టే ఛత్తీస్‌గఢీ దాదీ ఈ పని ఎప్పటినుంచో చేస్తున్నారు. వాళ్లు చలికి కుట్టారు, మన కవయిత్రి జ్ఞాపకానికి కుడుతోంది. కుట్టు అదే.

ఫలశ్రుతి: ఈ పద్యం చదివి కుట్టినవారికి అల్మారాలో ఒక అర ఖాళీ అగును. విని మెచ్చుకున్నవారికి ఒక సంచి లభించును. "అప్పుడు వద్దన్నాను గానీ, నాకూ ఒకటి పంపించవా అక్కా" అని ఫోన్ చేసిన తమ్ముడికి నడిమి ముక్క, అదీ పోస్టు ఖర్చులు తనవే అయినచో.