నాలుగో అంతస్తు ఘంటాపథం

మూలం: "బార్‌బెల్‌తో నా ప్రయాణం ముగిసిందండీ మాస్టారూ. అది అహాన్ని పెంచింది. కెటిల్‌బెల్ నన్ను నాకు పరిచయం చేసింది."

అవతారిక: మూలకర్త మా అపార్ట్‌మెంటులో నాలుగో అంతస్తు వాసి. ఈ వాక్యత్రయం లిఫ్టులో వెలువడింది. అప్పుడు వారి చేతుల్లో ఒక అట్టపెట్టె, దాని చిరిగిన మూలలోంచి పిడితో సహా తొంగిచూస్తున్న 24 కిలోల ఇనపగుండు. శ్రోతలం ఇద్దరం: నేనూ, పాలప్యాకెట్లతో రెండో అంతస్తు పిన్నిగారూ. పిన్నిగారు మొదటి వాక్యానికే దిగిపోయారు. నాది మూడో అంతస్తు గనక మూడూ విన్నాను. కావ్యానికి సహృదయుడు దొరకడం కష్టమంటారు. లిఫ్టులో ఆ కష్టం లేదు, తలుపు మూసుకుంటే చాలు.

వ్యాఖ్యానానికి పూనుకునే ముందు గురువును తలచుకోవడం ఆచారం. మెదకు సీమలో కొలిచెలమ, అంటే ఇప్పటి కొల్చారం, ఇంటిపేరుగా గల మల్లినాథసూరి కాళిదాసుకు సంజీవని, మాఘుడికి సర్వంకష, భారవికి ఘంటాపథం రాశాడు. ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ముందే మాట ఇచ్చాడు. ఎదుట రఘువంశం ఉన్నవాడు అలాంటి మాట ఇవ్వగలడు. ఎదుట పై మూడు వాక్యాలున్నవాడు ఆ ప్రతిజ్ఞలో మొదటి సగం పాటించి, రెండో సగాన్ని గాలికి వదలక తప్పదు.

ప్రతిపదార్థం: తేలిక గనక వదిలేస్తున్నాం. కడ్డీకి రెండువైపులా చక్రాలు తొడిగితే అది, గుండుకు పిడి అతికితే ఇది. 'ప్రయాణం' అన్నదానికి మాత్రం ఒక మాట చెప్పాలి. జిమ్ము మా వీధి మొగలోనే ఉంది. వారు స్కూటరు మీద వెళ్లేవారు. ఈ రోజుల్లో ఉద్యోగం ప్రయాణం, పెళ్లి ప్రయాణం, బరువు తగ్గడం ప్రయాణం. నిజంగా బస్సెక్కి విజయవాడ వెళ్లొస్తే మాత్రం అది 'ట్రిప్పు'.

అనుబంధ చతుష్టయం: ఏ శాస్త్రానికైనా విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి అనే నాలుగూ ముందు తేల్చాలి. విషయం ఇనుము. ప్రయోజనం మూలకర్త మాటల్లో ఆత్మపరిచయం, వారి డాక్టరు మాటల్లో నడుం చుట్టుకొలత. సంబంధం ఏడాది చందా. నెలనెలా కట్టే కన్నా ఏడాదికి ఒకేసారి కడితే తక్కువ పడుతుందని జిమ్మువాడు లెక్క వేసి చూపిస్తాడు. లెక్క సరైనదే. మనిషి ఏడాదంతా వస్తాడన్న ఊహే తప్పు, ఆ ఊహ జిమ్మువాడికి ఏనాడూ లేదు. చందా కట్టినవాళ్లంతా ఒకే సాయంత్రం వస్తే నిలబడటానికి చోటుండదని అతనికి తెలుసు. ఇక అధికారి ఎవడంటే, చందా మిగిలుండగానే ఆ వైపు కాళ్లు కదలనివాడు.

'ముగిసింది' అన్నచోట ఆగి విచారించాలి. పెద్దలు పురాణ వైరాగ్యం, ప్రసూతి వైరాగ్యం, శ్మశాన వైరాగ్యం అని మూడు చెప్పారు. మొదటిది చెప్పులు వెతుక్కునేదాకా, రెండోది బిడ్డ మొహం చూసేదాకా, మూడోది స్నానం చేసి అన్నానికి కూర్చునేదాకా ఉంటుంది. నాలుగోది వారి కాలంలో లేదు. దాన్ని జిమ్ము వైరాగ్యం అందాం. దాని పుట్టుక ఇలాంటిది. కొత్తగా చేరినవాడు 20 కిలోల ఉత్త కడ్డీతో మొదలుపెడతాడు. మన జిమ్ముల్లో దొరికే అతి చిన్న ప్లేటు సాధారణంగా 1.25 కిలోలది. రెండువైపులా వేస్తే రెండున్నర. వెళ్లినప్పుడల్లా రెండున్నర చొప్పున పెంచుకుంటూ పోతాడు. మొదటి నెలల్లో బరువు లేచేది కొత్త కండ వల్ల కన్నా, ఉన్న కండను నరాలు వాడుకోవడం నేర్చినందువల్ల. అతనికి ఆ సంగతి అక్కర్లేదు. తనంతటివాడు లేడనిపిస్తుంది. ఆఫీసులో కుర్చీ జరపాల్సి వచ్చినా నడుం నిటారుగా పెట్టి, ఊపిరి బిగబట్టి, పద్ధతిగా జరుపుతాడు.

తర్వాత ఒకరోజు బార్ లేవదు. ఆ పై వారమూ లేవదు. ఇక్కడి నుంచి పెంచాలంటే తిండి కావాలి, నిద్ర కావాలి, ఒక్క రెండున్నర కిలోల కోసం వారాల తరబడి ఓపిక పట్టాలి. ఇది ఎత్తేవాళ్లందరికీ ఎదురయ్యే ఘట్టమే. విసుగు పుట్టడం సహజం. కాని 'విసుగొచ్చింది' అనడానికి మాత్రం నోరు రాదు. అహం, అన్వేషణ, అంతర్ముఖం అని అకారాది నిఘంటువు మొదటి పేజీలన్నీ తిరగేస్తారు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. బార్‌బెల్ అహాన్ని పెంచిందట! లేవకుండా మొండికేసిన బార్‌ను మించి అహాన్ని దించే సాధనం ఏ మఠంలోనూ లేదు. అది అహం దించినందుకే కదా వీరు దాన్ని వదిలింది.

కెటిల్‌బెల్‌లో ఈ అంకెల గోల ఉండదు గదా అని పూర్వపక్షం. సిద్ధాంతం ఏమిటంటే, అంకెలున్నాయి, మెట్లే దూరం. రష్యావారి సంప్రదాయంలో గుండ్లు 16, 24, 32 కిలోలు. 60 కిలోల మీద రెండున్నర పెంచలేక, అంటే నూటికి నాలుగుపాళ్ల పైచిలుకు పెంచలేక పారిపోయినవాడు, 16 నుంచి 24కి ఎక్కాలంటే ఉన్నదానిలో సగం ఒక్కసారే కలపాలి. ఇప్పుడు నాలుగేసి కిలోల తేడాతోనూ అమ్ముతున్నారు. అలా చూసినా 16 మీద పావువంతు. అందుకే తెలిసినవాళ్లు ఒకే గుండుతో నెలలు గడుపుతారు. సార్లు పెంచుతారు, మధ్య విరామం తగ్గిస్తారు, రెండు చేతుల నుంచి ఒంటిచేతికి వస్తారు. మంచి పద్ధతే. ఓపిక చాలక వచ్చినవాడి చేతిలో అంతకన్నా ఎక్కువ ఓపిక అడిగే వస్తువు పెట్టారన్నదే ఇక్కడి చమత్కారం.

విశేషం: ప్రసంగవశాత్తూ ఆ 16 సంగతి. పదిహేనో, ఇరవయ్యో కాకుండా పదహారేమిటి? రష్యాలో పూద్ అనే పాత తూనిక ఉండేది. 40 ఫూంట్లు ఒక పూద్, ఇప్పటి లెక్కలో 16.38 కిలోలు. ఒకటి, ఒకటిన్నర, రెండు పూద్‌లే కాస్త సవరించుకుని 16, 24, 32 అయ్యాయి. ఈ గుండు మొదట వ్యాయామ సాధనం కాదనీ, సంతలో ధాన్యం తూచే పడికట్టనీ, తక్కెడ ఖాళీగా ఉన్నప్పుడు కుర్రాళ్లు పందెం కాసి ఎత్తేవారనీ చెబుతారు. 1885లో సెయింట్ పీటర్స్‌బర్గులో వ్లాదిస్లావ్ క్రయెవ్‌స్కీ అనే డాక్టరు బరువులెత్తే ఔత్సాహికులను ఒకచోట చేర్చి ఈ సాముకు ఒక పద్ధతి తెచ్చాడు. కుస్తీలో ప్రపంచమంతా పేరు పడిన జార్జ్ హాకెన్‌ష్మిట్ ఆయన దగ్గర తయారైనవాడే. సోవియట్ ప్రభుత్వం 1920ల్లో మెట్రిక్ కొలతలు తెచ్చి పూద్‌ను కొట్టేసింది. సంతలో పోయిన పూద్ వ్యాయామశాలలో బతికింది.

మనకూ పడికట్లున్నాయి. నలభై పలాలు వీశె, ఎనిమిది వీశెలు మణుగు, ఇరవై మణుగులు పుట్టి. మద్రాసు లెక్కన మణుగు 25 పౌన్లు, అంటే పదకొండు కిలోల మూడు వందల గ్రాముల పైమాట. ఆ ప్రకారం మూలకర్త గుండు ఇంచుమించు రెండు మణుగుల వీశె. ఒకసారి పైకి అని చూడండి: 'రెండు మణుగుల వీశె ఎత్తుతున్నానండీ.' అలా అన్నవాడికి అహం ఉందని ఎవరంటారు? మీసం ఉందంటారు. 1956 చట్టంతో కిలో వచ్చి మణుగును కొట్ల నుంచి తోసేసింది. రష్యా కుర్రాళ్లు పూద్‌ను భుజానికెత్తుకుని కాపాడుకున్నట్టు మనవాళ్లు మణుగును కాపాడుకోలేదు, ఎందుకంటే మన తాలింఖానాల సరంజామా వేరు. ముద్గరాలు, గదలు, ఎత్తుడు రాళ్లు. రాయి లేస్తే లేచినట్టు, లేకపోతే రేపు మళ్లీ రావాలి.

వీరఘట్టంలో 1882లో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు ఒంటికి చుట్టిన ఇనపగొలుసును ఊపిరి బిగించి తెంచేవాడు, రొమ్ము మీద ఏనుగును నిలుపుకునేవాడు. ఏనుగుకు 1.25 కిలోల ప్లేట్లుండవు. కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోవాలంటే గున్నను తెచ్చి మేపాలి. ఆయన సర్కస్ కంపెనీ పెట్టిన రహస్యం ఇందులోనే ఉందేమోనని నా అనుమానం. అదే సిక్కోలు సీమ నుంచి వచ్చిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో, 69 కిలోల విభాగంలో, స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది. బార్‌బెల్ ఆవిణ్ణి ఆవిడకు పరిచయం చేసిందో లేదో ఎక్కడా చెప్పుకోలేదు గాని, దేశానికి పరిచయం చేసింది.

ఎక్కడున్నాం? 'పరిచయం చేసింది' దగ్గరే.

పాకనిర్ణయం: నోట్లో వేసుకోగానే కరిగేది ద్రాక్షాపాకం, తొక్క వలవాల్సింది కదళీపాకం, పీచు తీసి పగలగొట్టాల్సింది నారికేళపాకం. ట్రెడ్‌మిల్ ద్రాక్ష, ఎక్కి నిలబడితే అదే నడిపిస్తుంది. బార్‌బెల్ కదళి, మొదటి రోజే కొంత చేతికొస్తుంది. కెటిల్‌బెల్ నారికేళం. భారవి వాక్కును మల్లినాథుడు కొబ్బరికాయతోనే పోల్చాడు. స్వింగు చూసేవాడికి గుండును ముందుకూ వెనక్కూ ఊపడమే. నిజానికి పని తుంటిది. తుంటిని వెనక్కి మడిచి ఒక్క ఊపున ముందుకు తెస్తే గుండు దానంతటది రొమ్ము ఎత్తుకు తేలుతుంది, చేతుల పని పట్టుకుని ఉండటమే. మూలకర్త గుంజీలు తీస్తూ భుజాలతో పైకి లాగుతారని వారి బాల్కనీ నీడను బట్టి గ్రహించాను. స్నాచ్‌లోనైతే గుండు మణికట్టు మీదుగా పల్టీకొట్టి, కిటుకు తెలిసేదాకా ముంజేతిని కమిలిస్తుంది. 140 కిలోలు నేల మీంచి లేపినవాడు కూడా 24తో వరసగా కొన్ని పదుల ఊపులు ఊపేసరికి నోటితో గాలి పీల్చాల్సి వస్తుంది. చాపంత జాగాలో, ఒకే ముక్క ఇనుముతో, బలానికీ దమ్ముకూ కలిపి పని చెప్పడం చిన్న విషయం కాదు. అలాగని 100 కిలోలు భుజాన వేసుకుని కూర్చుని లేచిన తొడలకు 24 కిలోలు ఆ పని చెప్పలేదు. లాభమూ నష్టమూ ఇంతే. ఇంత మామూలు లెక్కలోకి ఆత్మ ఎందుకు వచ్చిందో తెలియదు.

ఛందస్సు: బార్‌బెల్ గురుప్రధానం, కాబట్టి యతి ముఖ్యం. బరువైన సెట్టుకూ సెట్టుకూ మధ్య మూడు నుంచి ఐదు నిమిషాల విరామం న్యాయమే. ఆ యతిస్థానంలో ఫోను చేరడంతో ఐదు కాస్తా పదిహేనవుతోంది. స్క్వాట్ ర్యాకు జిమ్ముకు ఒక్కటి. అందులో నిలబడి ఒకాయన బైసెప్స్ చేస్తుంటాడు. 'అన్నా, ఇంకా ఎన్ని సెట్లు?' అని అడగడం యతిభంగం. 'లాస్ట్ సెట్ బ్రో' అన్న జవాబు మూడోసారి వినిపిస్తే పునరుక్తి దోషం. పోయేటప్పుడు 20 కిలోల ప్లేట్లు కడ్డీకే వదిలేసి పోవడాన్ని ఏ ఆలంకారికుడూ దోషాల పట్టికలో చేర్చలేదు, వాళ్లు మర్యాదస్తుల మధ్య బతికారు. వెనక వచ్చిన ఆడపిల్ల తాను ఎత్తదలచినదాని కన్నా ఎక్కువ బరువును ముందు ఊడదీసి, మోసుకెళ్లి గోడకు సర్ది, అప్పుడు తన సాము మొదలుపెట్టాలి. జిమ్ము మానేయడానికి ఈ ఒక్క కారణం చాలు. దీన్ని పైకి చెప్పినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు.

ధ్వని: కావ్యానికి ఆత్మ ధ్వని అన్నాడు ఆనందవర్ధనుడు. వాచ్యార్థం తెలిసిన తర్వాత క్రమంగా స్ఫురించే వ్యంగ్యాన్ని, గంట కొట్టాక సాగే అనురణనంతో పోల్చారు. మా ఇంట్లో ఈ సిద్ధాంతానికి ప్రత్యక్ష ప్రమాణం ఉంది. ఉదయం ఐదున్నరకు పై అంతస్తులో గుండు నేలను తాకుతుంది. అది వాచ్యం. వెంటనే మా వంటింటి గూట్లో స్టీలు గ్లాసులు ఒకదాని తర్వాత ఒకటి అందుకుంటాయి. అది అనురణనం. రసం రౌద్రం, స్థాయి క్రోధం, ఆలంబనం నాలుగో అంతస్తు, ఉద్దీపనం పది ఊపులకోసారి గుండును దభీమని వదిలే అలవాటు. రష్యాలో ఈ గుండ్లకు పోటీలున్నాయి, గిరెవోయ్ స్పోర్ట్ అంటారు. గడువు పది నిమిషాలు. ఈలోగా గుండు కింద పెడితే ఆట ముగిసినట్టే. ఇంత ఉదాత్తమైన నియమం గుండుతో పాటు ఎందుకు దిగుమతి కాలేదు? పోనీ, రబ్బరు చాప వేసుకోమని చెప్పి చూశాను. 'నేల స్పర్శ తెలియాలండీ మాస్టారూ' అన్నారు. నేల అంటే నా కప్పు.

పాఠాంతరం: ఈ మూలానికి ఇంకో పాఠం ఉంది. వాచ్‌మన్ ద్వారా వచ్చింది, కాబట్టి నమ్మదగ్గది. మూలకర్త అతనితో అన్నమాటలివి: "ఆ ర్యాకు ఎప్పుడు చూసినా ఖాళీ ఉండదయ్యా. ఆఫీసు నుంచి వచ్చాక మళ్లీ బట్టలు మార్చుకుని పోబుద్ధి కాదు. విసుగొచ్చి ఇది కొనేశాను." రెండు పాఠాలు ఎదురైతే కఠినమైనదాన్నే కవిదిగా తీసుకోమని పరిష్కర్తలు చెబుతారు, తేలికది లేఖకుడు మార్చి ఉంటాడని వారి ఊహ. ఇక్కడ ఆ సూత్రాన్ని పక్కన పెడుతున్నాం. వాచ్‌మన్ ప్రతిలో అన్వయక్లేశం లేదు, అధ్యాహారం అక్కర్లేదు, టీక అసలే అక్కర్లేదు. ఐదున్నర ప్రస్తావన, రబ్బరు చాప ప్రస్తావన మాత్రం రెండు పాఠాల్లోనూ కనిపించవు. ఆ భాగాలు లుప్తమై ఉండాలి.