చీకట్లో ఏం కనపడుతుంది?

"ఇక్కడ మేము ఒక్క మేకు కూడా కొట్టక్కర్లేదండీ, దెయ్యానికి ఇల్లు రెడీగా ఉంది" అని దెయ్యపు సినిమా షూటింగునకు వచ్చిన కళాదర్శకుడు మా మండువా లోగిలిని చూచి పరవశుడై పలికిన ప్రశంస నాటినుండి నా చెవిలో జోరీగయై తిరుగుచున్నది. ఉయ్యూరులో తాతలనాటి ఇల్లు నిలుపుకొన్నవానికి ఊరివారి సానుభూతి ఎటులును తప్పదు, దానికి తోడు వీరమ్మతల్లి తిరునాళ్ళకు వచ్చిన చుట్టములు సైతము "దెయ్యం తిరిగింది ఈ గదిలోనేనా బాబాయ్?" అని తలుపు సందునుండి తొంగిచూచి, మంచినీళ్ళు అరుగుమీదనే పుచ్చుకొని పోవుచున్నారు.

పోనిండు, ఇల్లు పనికివచ్చినదిగదా యన్న, అందలి బూజు మాత్రము ఆయనకు పనికిరాలేదు! సాలీడు నేసినది మరీ సన్నమై కెమెరా కంటికి ఆనదట. అందుచేత, సంక్రాంతికి మా ఆవిడ దులుపగా మిగిలిన ఆ స్వదేశీ సరకును తొలగించి, రబ్బరు జిగురును డ్రిల్లింగు యంత్రమునకు బిగించిన చిన్న పంకాలో పోసి గిరగిర త్రిప్పి, పోగులు పోగులుగా దూలములకు వ్రేలాడదీసి, పైన ముల్తానీ మట్టి ఊది, తెల్లని దోమతెరను టీ డికాక్షనులో ముంచి ముసలిదానిని జేసి, మా ఆవిడ కన్నులయెదుటనే మూడు తరముల అశుభ్రతను ఒక్క పూటలో సృష్టించెను. 1978లో అమెరికాలో వచ్చిన 'హాలోవీన్' చిత్రమునకు ఈ కొలువే చేసిన టామీ లీ వాలెస్, వసంతమున ఆకురాలు కాలమును చూపవలసివచ్చి, రంగు వేసిన కాగితపుటాకులను వీధిలో చల్లించి, షాటు కాగానే ఏరించి, మరల మరియొకచోట చల్లించెనట. అందలి హంతకుని ముసుగైనను రెండు డాలర్లలోపునకు బజారున కొని తెల్లరంగు పూసినదే. మనవాడే!

మా బందరు రోడ్డు చివర మచిలీపట్నమున పుట్టిన తోట తరణి 'నాయకన్' (1987) కొరకు ధారావి మురికివాడను నిలబెట్టి జాతీయ బహుమతి నందెను. దెయ్యపుకొంప నిలబెట్టువానికి మాత్రము నిర్మాత యొసగు బిరుదు ఒక్కటే: "చీకట్లో ఏం కనపడుతుందయ్యా?" ఆ ప్రశ్నతో రంగుడబ్బాలు సగమాయెను, సహాయకుడొకడు ఇంటికి పోయెను, పారితోషికపు తుదివిడత ఆ చీకటిలోనే కలసిపోయెను.

ఒకనాటి రాత్రి, ప్యాకప్ అయిన పిమ్మట, మా నాయనగారి గదిలో గోడకు చెమ్మమరక లద్దుచున్న కళాదర్శకుడు కుంచె ఆపి, "ఇది మేం వేసింది కాదండీ, అసలుదే" అనెను. ఎన్ని సున్నములు వేయించినను ఆ మరక పైకి వచ్చుచునే యుండును. పిల్లలు హైదరాబాదులో స్థిరపడిరి, ఆ గదిలో పడుకొనువారు లేరు. ఆయన కూలి పుచ్చుకొని చేయుచున్న పనినే నేనిన్నేండ్లుగా ఉచితముగా చేయుచున్నాను గాబోలు.

చిత్రము విడుదలైనది. బెజవాడ వెళ్ళి చూచితిమి. ఇల్లు లేదు, బూజు లేదు, మరక లేదు. మొదటినుండి తుదివరకు చీకటియే. నిర్మాత మాట నెగ్గినది. బయటికి వచ్చుచు మా ఆవిడ అడిగినది: "ఇంత చీకటికి మన కరెంటు బిల్లు అంతెందుకు వచ్చిందండీ?"