ముక్కంటి దొంగకు నామకరణం

ఎండిన తోళ్లు, ఈకలు, ఉన్ని, పట్టు, చచ్చిన పురుగులు మొదలైన నీరసమైన సరుకుతోనే వంశాన్ని వృద్ధి చేసుకునే చిన్న పెంకు పురుగుల కుటుంబాన్ని శాస్త్రజ్ఞులు డెర్మెస్టిడే అంటారు. చర్మాన్ని తినేది అని దాని గ్రీకు మూలార్థం. ఈ కుటుంబంలో ఇప్పటికి 1,500కు పైగా జాతులు వర్ణితమయ్యాయి, కొత్తవి చేరుతూనే ఉన్నాయి.

కొత్త జాతిని గుర్తించడం, అంటే చేతికి చిక్కిన పురుగు ఇదివరకు పేరు పొందినవాటిలో ఏదీ కాదని నిరూపించడం, పెళ్లి సంబంధానికి గోత్రాలు విచారించడం కంటే కష్టమైన పని. సాధారణంగా నాలుగు మిల్లీమీటర్లకు మించని ఆంత్రెనస్ ప్రజాతి పురుగుల ఒంటిమీద రంగురంగుల పొలుసులు ముగ్గు పెట్టినట్టు అమరి ఉంటాయి గాని, వయసు మీరి అవి రాలిన పురుగు పోలికలు తప్పిపోతాయి కనుక, పరిశోధకుడు దాని మీసాల చివర ఉండే గదను కొలిచి, అప్పటికీ సందేహం తీరకపోతే మగపురుగు ఉదరాన్ని క్షారద్రావణంలో నానబెట్టి, జననాంగాన్ని వెలికితీసి, సూక్ష్మదర్శిని సాక్షిగా తీర్పు చెబుతాడు.

ఈ వర్ణనల్లో తప్పక ప్రస్తావించే మరొక అవయవం సరళనేత్రం, అనగా నుదుటి నడుమ ఉండే ఒంటి కటకపు చిన్న కన్ను. కుటుంబానికి పేరిచ్చిన డెర్మెస్టెస్ ప్రజాతికి ఇది లేదు గాని, మిగిలిన ప్రజాతుల్లో చాలావాటికి ఉంది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడని సామెత కట్టినవారికి, దొంగే ముక్కంటి కావచ్చునన్న ఊహ వచ్చి ఉండదు.

బారసాలలో బియ్యంలో పేరు రాసే ఆచారం ఈ వంశానికి క్షేమకరం కాదు. 1898లో ఎవర్ట్స్ అనే కీటక శాస్త్రజ్ఞుడు ట్రోగోడెర్మా గ్రనేరియమ్ అని పేరుపెట్టిన, భారత ఉపఖండానికి చెందిన ఖాప్రా పురుగు సంతానానికి ఆ పళ్లెం అప్పగిస్తే పేరూ మిగలదు, బియ్యమూ మిగలవు. చర్మం కొరికేది అనే అర్థమున్న ప్రజాతి నామాన్ని మోస్తూ గోదాముల్లో గోధుమలు తినే ఈ పురుగు, పేరుకూ నడతకూ పొత్తు కుదరాలన్న నియమమేదీ లేదని రుజువు చేసింది.

నియమాలన్నీ పేరు పెట్టేవారికే వర్తిస్తాయి. 1999 తరువాత ప్రచురించే ప్రతి కొత్త జాతి పేరుకు ప్రమాణ నమూనాను, అంటే ఆ పేరు ఎవరిదో తేల్చే అసలు పురుగును, ప్రకటించి, అది ఏ సంగ్రహాలయంలో ఉంటుందో తెలపాలని అంతర్జాతీయ జంతు నామకరణ నియమావళి శాసిస్తుంది. చిక్కంతా ఇక్కడే ఉంది: సూదికి గుచ్చిన ఎండు పురుగులను మించిన విందు ఆంత్రెనస్ పిల్లపురుగులకు మరొకటి లేదు. వీటి పెద్దలు పూలమీద పుప్పొడి మేస్తూ పెద్దమనుషుల్లా తిరుగుతుండగా, పిల్లలు సంగ్రహాలయాల పెట్టెల్లో దూరి, సూదినీ చీటీనీ చిటికెడు పొడినీ మాత్రమే మిగులుస్తాయి. లిన్నేయస్ 1761లోనే ఒక జాతికి మ్యూజియోరమ్, అనగా మ్యూజియములది, అని పేరుపెట్టి హక్కు పత్రం రాసిచ్చినంత పని చేశాడు. పైగా అనేక సంగ్రహాలయాలు అస్థిపంజరాల మీది మాంసం శుభ్రం చేయడానికి డెర్మెస్టెస్ మాక్యులేటస్‌ను ఒక గదిలో జీతంలేని ఉద్యోగిగా పోషిస్తూ, పక్క గదిలో దాని జ్ఞాతులను గడ్డకట్టే చలిలో పెట్టి చంపుతుంటాయి.

తన నమూనాను తన బంధువులే తినే ప్రమాదమున్న ఇలాంటి వంశంలో, కొత్త జాతికి ఎంత అందమైన లాటిన్ పేరు పెట్టినా, ముందుగా పెట్టెకు బిగువైన మూత పెట్టడమే శాస్త్రజ్ఞుని తొలి కర్తవ్యం.