ముసుగున్నవాడికి కాల్షీటక్కర్లేదు

(ఫిల్మ్‌నగర్‌లో ఒక సినిమా ఆఫీసు. స్టోరీ సిట్టింగ్. నిర్మాత, రచయిత, సలహాకు పిలిపించిన చరిత్ర మాస్టారు, ముహూర్తం పెట్టడానికొచ్చిన సిద్ధాంతి, సెలవులకొచ్చిన మనవడు. ఫ్యాను తిరుగుతోంది. కథ తిరగడం లేదు.)

నిర్మాత: మాస్టారూ, నింజా సినిమా తీస్తున్నా. మా రోజుల్లో ‘అమెరికన్ నింజా’ అని వచ్చింది, 1985 నాటిది. అది చూసొచ్చిన మర్నాటి నుంచి మా వీధిలో పిల్లలందరి మొహాలకీ తువ్వాళ్ళే. ఇన్నేళ్ళయినా ఆ మోజు పోలేదు. ఎందుకంటారు?

మాస్టారు: ముందు వాళ్ళెవరో చెబుతాను. జపాన్‌లో ఇగా, కోగా అని పక్కపక్కనే కొండ సీమలు. అక్కడివాళ్ళు చుట్టుపక్కల ప్రభువులకు వేగులుగా పనిచేసేవారు. షినోబి అనేవాళ్ళు వాళ్ళని. 1581లో ఓదా నొబునాగా అనే ప్రభువు పెద్ద సైన్యంతో ఇగా మీద పడి ఊళ్ళు తగలబెట్టాడు...

నిర్మాత: ఆగండాగండి. ఫ్లాష్‌బ్యాక్ దొరికింది. రాసుకోవయ్యా! పసిపిల్లాడు, మంటలు, తల్లి చేతిలో కత్తి. సరే, ఇప్పుడు పెద్దయ్యాక నల్లడ్రెస్సులో కోట గోడ మీంచి...

మాస్టారు: నల్లడ్రెస్సు లేదండీ.

నిర్మాత: లేకపోవడమేంటి?

మాస్టారు: వేగువాడు సన్యాసిలా వెళ్ళేవాడు, వర్తకుడిలా వెళ్ళేవాడు, రైతులా వెళ్ళేవాడు. మొహానికి నల్లగుడ్డ కట్టుకుని సంతలోకి దిగితే ముందు కుక్కలు పట్టుకుంటాయి.

రచయిత: మరి ఈ వేషం ఎక్కణ్ణుంచి ఊడిపడింది మాస్టారూ?

మాస్టారు: నాటకాల్లోంచి వచ్చిందని ఒక వాదన. కబుకి అనే నాటకాల్లో సామాన్లు అందించేవాళ్ళు నల్లబట్టలు, ముసుగు వేసుకుని స్టేజీ మీదే తిరుగుతుంటారు. ఎదురుగా ఉన్నా లేనట్టే లెక్క, అది ప్రేక్షకుడి మర్యాద. అలాంటివాడు ఉన్నట్టుండి కత్తి దూశాడనుకోండి, జనం హడలిపోరూ? 1817లో హొకుసాయి అనే చిత్రకారుడు అచ్చువేసిన బొమ్మల పుస్తకంలోనే తాడు పట్టుకుని ఎక్కుతున్న నల్లబట్టల మనిషి ఉన్నాడు.

రచయిత: అంటే సార్, మన లైట్‌బాయ్ ఫ్రేములోకొచ్చి హీరోని పొడిచినట్టు.

నిర్మాత: పొడిచినా పొడుస్తాడు, మూడు నెలల బేటా బాకీ. సర్లే, వేషం నాటకాలదైతే ఏం, మనదీ నాటకమే. ఫైట్లు చెప్పండి.

మాస్టారు: ఫైట్లు కూడా... 1676లో ‘బన్సెన్‌షూకాయ్’ అని ఈ విద్య మీద ఒక గ్రంథం రాశారు. అప్పటికి యుద్ధాలు సద్దుమణిగి, చేసేవాళ్ళకు పని లేదు. రిటైరయ్యాక అనుభవాలు రాసుకున్నట్టన్నమాట. వేగువాడు కబురుతో తిరిగొస్తేనే యజమానికి లాభం. చస్తే కబురూ చస్తుంది. కొట్లాట దాకా వచ్చిందంటే పని చెడినట్టే. 1638లో షిమబరా తిరుగుబాటుదారులున్న హరా కోట ముట్టడికి కోగా వాళ్ళని పిలిపించారు. వాళ్ళు చేసిన ఘనకార్యాల్లో ఒకటి, కోటలోవాళ్ళ తిండి సంచులు ఎత్తుకు రావడం.

నిర్మాత (మొహం మాడ్చుకుని): సంచులా? నా హీరో బియ్యం బస్తా మోసుకొస్తే ఫ్యాన్స్ నన్ను మోసుకెళ్తారు.

సిద్ధాంతి: ఇంతకీ ఇదంతా మన విద్యే కదండీ. కౌటిల్యుడు సన్యాసి వేషంలో వేగుల్ని పెట్టమనలేదూ? ముద్రలు మనవి, మంత్రాలు మనవి. జపాన్‌వాడు పడవెక్కించి పట్టుకెళ్ళాడు.

మాస్టారు: అంతా కాదుగానీ, కొంత నిజమే సిద్ధాంతిగారూ. అక్కడి యోధులూ వేగులూ కొలిచిన మరిషితెన్ అనే దేవత మన బౌద్ధంలోని మారీచి. కంటికి కనిపించకుండా కాపాడుతుందని నమ్మకం. కానీ చైనా మీదుగా వెళ్ళింది. ఆ గ్రంథాలు రాసినవాళ్ళు ఎక్కువగా తిరగేసింది కౌటిల్యుణ్ణి కాదు, చైనావాడైన సున్ జుని.

సిద్ధాంతి: చైనా మాత్రం ఎవరిదంటారు?

(ఎవరూ ఏమీ అనలేదు. సిద్ధాంతి పంచాంగం తీశాడు.)

రచయిత: సార్, అసలు మోజు ఎందుకో నాకు తెలుసు, లెక్కలు చూడండి. ముసుగుంటే హీరో కాల్షీట్లు అక్కర్లేదు, మొత్తం డూపుతో లాగించొచ్చు. పదిమంది ఫైటర్లుంటే చాలు. చచ్చినవాడే లేచి మళ్ళీ గోడ దూకుతాడు. ఎవడికి తెలుస్తుంది?

నిర్మాత: ఒక్క నింజా వస్తే హీరోకి చెమటలు పడతాయి, యాభైమంది వస్తే తన్నుకొకడు పోతాడు. ఎందుకా అనుకునేవాణ్ణి. ఇదన్నమాట!

మాస్టారు: రచయితగారి లెక్క ఉత్తదేం కాదు. 1981లో ‘ఎంటర్ ద నింజా’ తీసిన మెనహేమ్ గోలన్ ఇజ్రాయెల్‌వాడు. హీరో ఫ్రాంకో నీరో ఇటలీవాడు, షూటింగు ఫిలిప్పీన్స్‌లో. అసలు జపాన్‌వాడు షో కొసుగి అందులో విలన్. పైగా హీరోది తెల్ల డ్రెస్సు.

నిర్మాత: దాక్కునేవాడికి తెల్లబట్టలా!

మనవడు (ఫోన్‌లోంచి తలెత్తకుండా): నరూటోది ఆరెంజ్ తాతా.

నిర్మాత: ఏంట్రా?

మనవడు: నరూటో. అతనూ నింజానే. ఆరెంజ్ డ్రెస్సు వేసుకుని, తన పేరు తనే అరుచుకుంటూ ఫైట్ చేస్తాడు. హత్తోరిది నీలం. అది టీవీలో తెలుగులోనే వస్తుంది. హత్తోరిది ఇగా, అమరాది కోగా. మాస్టారు చెప్పిన ఊళ్ళే. నాకు యూకేజీలోనే తెలుసు.

మాస్టారు (కొంచెం చిన్నబోయి): నేను ముప్ఫై ఏళ్ళు చదివాను బాబూ.

నిర్మాత: అరిస్తే దొరికిపోడట్రా?

మనవడు: దొరికితే ఏం తాతా? వాళ్ళ ఊళ్ళో అందరూ వాణ్ణి వెలేసినట్టు చూస్తారు. ఒక్కసారి తనవైపు చూడాలని, ఊరికి పెద్ద కావాలని వాడి గోల. మొత్తం కథ అదే.

మాస్టారు: 1999 నుంచి 2014 దాకా పత్రికలో నడిచిన కథ అది. కనిపించకపోవడమే వృత్తి అయినవాడు, నన్ను చూడండి బాబోయ్ అని పదిహేనేళ్ళు మొత్తుకున్నాడు. పిల్లలకు అంటుకున్నది కత్తి కాదండీ, ఆ మొత్తుకోలు. వెనక బెంచీలో కూచున్న ఏ పిల్లాడికి ఉండదు చెప్పండి ఆ కోరిక? ముసుగు కింద ఎవరైనా ఉండొచ్చు కాబట్టి, తనే ఉన్నాననుకుంటాడు.

నిర్మాత: అందుకేనా మా వీధిలో తువ్వాళ్ళు... మా వాడు కొన్న మోటారుసైకిలు పేరు కూడా నింజాయేనండోయ్. వాడు సందు మొదట్లో ఉండగానే మాకు తెలిసిపోతుంది.

మాస్టారు: కవాసాకివాళ్ళు 1984లో పెట్టిన పేరు. చప్పుడు చేయనివాడి పేరు చప్పుడు చేసేదానికి.

రచయిత: సార్, లొకేషన్ చూడ్డానికి ఇగా వెళ్దామా? నింజా మ్యూజియం ఉందట.

మాస్టారు: ఉంది. 2020 ఆగస్టులో అర్ధరాత్రి దాటాక దొంగలు పడి 150 కిలోల ఇనప్పెట్టె ఎత్తుకుపోయారు. పది లక్షల యెన్‌లకు పైగా ఉందట లోపల. మూడే నిమిషాలు పట్టిందన్నారు.

రచయిత: ఇంటర్వెల్!

నిర్మాత: ఇంటర్వెల్ సంగతి సరే, బడ్జెట్ చెప్పు.

(రచయిత కాగితం తిప్పి చూపించాడు. నిర్మాత మంచినీళ్ళడిగాడు.)

నిర్మాత: మాస్టారూ, దీన్ని చవగ్గా తీసిన మహానుభావుడెవడూ లేడా?

మాస్టారు: ఉన్నాడు, చెప్పకూడదనుకున్నాను. హాంకాంగ్‌లో గాడ్‌ఫ్రే హో. నిర్మాతలు ఎవరివో ఇతర దేశాల సినిమాలు కొనేవారు. ఇతను తెల్లజాతి నటులతో నింజా సీన్లు కొన్ని తీసి మధ్యమధ్య అతికించేవాడు. రెండు కథలనీ డబ్బింగులో ఒక ఫోన్ మాట కలిపేది. అలా 1980ల్లో డజన్లకొద్దీ సినిమాలు వదిలాడు. రిచర్డ్ హారిసన్ అనే నటుడు కొన్నిటికే ఒప్పుకుంటే, చివరికి లెక్కలేనన్నిటిలో తేలాడు. ‘నింజా టెర్మినేటర్’లో ఆ పెద్దమనిషి గార్ఫీల్డ్ పిల్లి బొమ్మ ఫోన్‌లో సీరియస్‌గా మాట్లాడతాడు. ఎవరికైనా అనుమానం వస్తుందేమోనని నింజాల తలపట్టీల మీద ‘నింజా’ అని రాయించేవాడు కూడా.

(నిర్మాత లేచి నిలబడ్డాడు.)

నిర్మాత: ఏమయ్యా, మనం సగంలో ఆపేసిన ఆ పల్లెటూరి ప్రేమకథ హార్డ్ డిస్కు ఎక్కడుంది?

రచయిత: బీరువాలో ఉంది సార్. హీరో కాల్షీట్లివ్వక ఆగిపోయింది కదా.

నిర్మాత: ఇక వాడెందుకు? వాణ్ణి నింజాలు ఎత్తుకుపోయారని ఒక ఫోన్ పెట్టు. పదిమంది ఫైటర్లు, నాలుగు రోజులు. సిద్ధాంతిగారూ, దగ్గర్లో మంచిరోజు చూడండి.

మాస్టారు: అయ్యా, ఇందులో జపాన్ లేదు, ఇగా లేదు, వేగువాడు లేడు. దీన్ని నింజా సినిమా అనరు.

నిర్మాత: తలపట్టీ మీద రాయిస్తాం కదండీ.