క్లోన్ సంజీవని: ఈథ్0 సూత్రానికి టీకా తాత్పర్యం

అవతారిక. కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాసిన కొలచల మల్లినాథ సూరి మన మెతుకుసీమవాడు. తన వ్యాఖ్యకు ‘సంజీవని’ అని ఎందుకు పేరు పెట్టాడో ఆయనే చెప్పుకున్నాడు: దుర్వ్యాఖ్యల విషం తలకెక్కి కాళిదాసు వాక్కు మూర్ఛపోయి ఉందట, దాన్ని లేపడానికట. ప్రస్తుత సూత్రానిదీ అదే అవస్థ. లైనక్స్ వర్చువల్ మెషీన్‌ను క్లోన్ చేసి, ఆన్ చేసి, నెట్‌వర్క్ రాక తల పట్టుకున్నవాడికి పక్క సీటు పండితులు చెప్పే భాష్యాలు మూడు. సర్వీసు రీస్టార్ట్ చెయ్యి, ఫైర్‌వాల్ ఆపు, ఎస్‌ఈలైనక్స్ పీకెయ్యి. మూడూ చేశాక కూడా సూత్రం చెక్కుచెదరకుండా తెర మీద నిలబడే ఉంటుంది. అదనంగా ఫైర్‌వాల్ ఆగిపోయి ఉంటుంది. దాన్ని మళ్లీ ఆన్ చేయాలన్న సంగతి ఎవరికీ గుర్తుండదు. అందుకని ఈ సాహసం.

మూలం.
‘బ్రింగింగ్ అప్ ఇంటర్‌ఫేస్ ఈథ్0: డివైస్ ఈథ్0 డజ్ నాట్ సీమ్ టు బి ప్రెజెంట్, డిలేయింగ్ ఇనిషియలైజేషన్. [ఫెయిల్డ్]’

కాలనిర్ణయం. రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లైనక్స్ 6 వెలువడింది 2010 నవంబరులో. దాని అచ్చుగుద్దిన రూపమైన సెంటాస్ 6కు 2020 నవంబరుతో అధికారికంగా తద్దినం పెట్టేశారు. అయినా కదిపితే కూలిపోయే పాత అప్లికేషన్ ఒకటి నెత్తిన ఉండి, కదలలేక ఇంకా బతుకుతున్న సర్వర్లు ఉన్నాయి. వాటి పుణ్యమా అని ఈ సూత్రానికి పాఠకుల కొరత లేదు.

టీక. ఇంటర్‌ఫేస్ = యంత్రమునకును వలకును నడుమనుండు ద్వారమైన; ఈథ్0 = ఆ పేరు గలదానిని; బ్రింగింగ్ అప్ = పైకి లేపఁబోవుచుండఁగా; డివైస్ ఈథ్0 = ఈథ్0 అను పరికరము; ప్రెజెంట్ = ఉన్నట్లు; డజ్ నాట్ సీమ్ = తోఁచుట లేదు; (కావున) ఇనిషియలైజేషన్ = ప్రారంభ సంస్కారమును; డిలేయింగ్ = జాగు చేయుచున్నాను; ఫెయిల్డ్ = (అని పలికి) చతికిలఁబడెను.

ఇక్కడ ‘తోఁచుట లేదు’ అనడంలో మర్యాద గమనించాలి. ‘లేదు’ అని ముఖం మీద చెప్పలేదు. ‘జాగు చేయుచున్నాను’ అనేది మాత్రం పచ్చి బొంకు. ఆ మాట అచ్చువేసిన స్క్రిప్టు మరుక్షణమే విరమించుకుంటుంది, మళ్లీ ప్రయత్నించే ఉద్దేశం దానికి లేదు. అది నమ్మి టీ తాగడానికి వెళ్లినవాడు తిరిగి వచ్చేసరికి కూడా ఆ జాగు జాగుగానే ఉంటుంది. అలంకారం భ్రాంతిమంతమని నా మతం. ఏమంటే పరికరం నిజానికి అక్కడే ఉంది.

తాత్పర్యం. కార్డు ఉంది, కానీ దాని పేరు ఈథ్0 కాదు.

ఇంత చిన్న సంగతికి ఇంత గందరగోళం ఎలా వచ్చిందో చూడాలంటే ‘ఐఎఫ్‌కాన్ఫిగ్’ అని కొట్టి ఊరుకోకూడదు. అది పనిలో ఉన్న ద్వారాలనే చూపుతుంది, 127.0.0.1 అనే తన ఒడిని తానే చూసుకునే ‘లో’ తప్ప ఇంకేదీ కనపడదు. దానికి ‘మైనస్ ఏ’ తగిలిస్తే లేవనివాళ్లు కూడా బయటికొస్తారు. అప్పుడు తెలుస్తుంది, ఈథ్0 స్థానంలో ఈథ్1 కూర్చుని ఉందని. దానికి ఐపీ లేదు, దాని పేర కాన్ఫిగ్ ఫైలు లేదు, దాన్ని లేపమని ఎవరూ చెప్పలేదు.

ఆ పేరు పెట్టిందెవరు? ‘ఈటీసీ’లో ‘యుడెవ్’, అందులో ‘రూల్స్.డి’, అందులో ‘70-పర్సిస్టెంట్-నెట్.రూల్స్’ అనే ఫైలు. తెరిచి చూస్తే పైన ఒక వ్యాఖ్య ఉంటుంది, ఇది ప్రోగ్రాం తనంతట తాను రాసిన ఫైలు అని. కింద ఒక్కో కార్డుకు ఒక్కో వరుస. మొదటి వరుసలో పాత కార్డు మ్యాక్ అడ్రసు, చివర ‘నేమ్’ దగ్గర ఈథ్0. రెండో వరుసలో కొత్త మ్యాక్ అడ్రసు, చివర ఈథ్1. రెండు వరుసలకూ ఆ అడ్రసులో, చివరి పేరులో తప్ప తేడా ఉండదు. కళ్లు చికిలించి చూడకపోతే ఒకటే వరుస రెండుసార్లు పడిందనుకుని వెళ్లిపోతాం, చాలామంది వెళ్లిపోయారు కూడా.

జరిగింది బడిలో హాజరు పట్టీ వ్యవహారమే. ఒకటో నంబరు పిల్లవాడు బడి మానేశాడు, కానీ పట్టీలో పేరు కొట్టేయలేదు. కొత్తగా చేరినవాడికి రెండో నంబరు ఇచ్చారు. మాస్టారు రోజూ ఒకటో నంబరునే పిలుస్తారు, పలికేవాడు లేడు. కొత్తవాడు ఎదురుగా కూర్చుని ఉంటాడు, తనను పిలవలేదు కనుక నోరు మెదపడు.

మ్యాక్ అడ్రసు 48 బిట్లది. మొదటి సగం కార్డు ఎవరిదో చెబుతుంది. వర్చువల్‌బాక్స్ కార్డయితే 08:00:27 అనీ, కేవీఎం కార్డయితే 52:54:00 అనీ మొదలవుతుంది. 00:50:56 అంటే వీఎంవేర్. రెండో సగం ఏ కార్డుకు ఆ కార్డుకే వేరుగా ఉండాలి. క్లోన్ చేసేటప్పుడు హైపర్‌వైజర్ ఆ ధర్మం పాటించి కొత్త అడ్రసు ఇస్తుంది. డిస్కును మాత్రం అక్షరం పొల్లుపోకుండా దించుతుంది. కొత్త ఒంట్లో పాత జ్ఞాపకాలు. కార్డులకు పేర్లు పెట్టే యుడెవ్, ఆ రూల్స్ ఫైలనే తన పట్టీ చూసుకుని, ఈథ్0 అన్న పేరు పాత అడ్రసుకు రాసిచ్చేశాం కనుక కొత్తదానికి ఈథ్1 అని నిర్ణయించింది.

యుడెవ్‌ను తిట్టేవాళ్లకు ఒక మాట. ఆ పట్టీ ఊరికే పుట్టలేదు. ఒక సర్వర్‌లో రెండు కార్డులుంటే కెర్నెల్‌కు ఏది ముందు కనబడితే దానికి ఈథ్0 అని పెట్టేది. మరుసటి బూటులో వరస మారవచ్చు. ఒక కార్డు ఆఫీసు వైపు, ఇంకోటి ఇంటర్నెట్ వైపు ఉన్న ఫైర్‌వాల్ మెషీన్‌లో ఆ రెండు పేర్లు తారుమారైతే ఏమవుతుందో ఊహించుకోండి. దాన్ని ఆపడానికే పేరును మ్యాక్‌కు ముడేశారు. ఇనుప పెట్టెలకు అది మంచి ముడే. అమీర్‌పేటలో లైనక్స్ నేర్చుకునే కుర్రాడు ఒక్క లాప్‌టాప్‌లో మూడు క్లోన్లు తీస్తాడని అది రాసినవాళ్లు అనుకుని ఉండరు.

శంక. ‘అయితే సార్, ఆ రూల్స్ ఫైలు డిలీట్ చేసి రీబూట్ కొడితే అయిపోతుంది కదా?’

సమాధానం. కొట్టు నాయనా. కొట్టి, రెండో సూత్రం చదువు.

మూలం.
‘డివైస్ ఈథ్0 హాజ్ డిఫరెంట్ మ్యాక్ అడ్రస్ దేన్ ఎక్స్‌పెక్టెడ్, ఇగ్నోరింగ్.’

టీక. ఈథ్0 = ఈథ్0 అనునది; ఎక్స్‌పెక్టెడ్ = (మేము) ఎదురుచూచినదానికంటె; డిఫరెంట్ = వేఱగు; మ్యాక్ అడ్రస్ = జన్మచిహ్నమును; హాజ్ = కలిగియున్నది; ఇగ్నోరింగ్ = (కావున) చూడనట్లు నటించుచున్నాము.

ఈసారి పట్టీ కొత్తగా రాసుకుంది, కార్డుకు ఈథ్0 అనే పేరే వచ్చింది. కానీ ‘నెట్‌వర్క్-స్క్రిప్ట్స్’ డైరెక్టరీలో ఉన్న ‘ఐఎఫ్‌సీఎఫ్‌జీ-ఈథ్0’ ఫైలులో ‘హెచ్‌డబ్ల్యూఏడీడీఆర్’ అని ఒక వరుస ఉంది, అందులో తల్లి మెషీన్ మ్యాక్ అడ్రసే ఉంది. పేరు సరిపోయింది, పుట్టుమచ్చ సరిపోలేదు. ఆ వరుసను కొత్త అడ్రసుకు మార్చాలి. నా సలహా అడిగితే వరుసనే తీసేయండి, ఒక్క కార్డున్న వర్చువల్ మెషీన్‌కు ఆ పుట్టుమచ్చతో పనేముంది. దాని పక్కనే ‘యూయూఐడీ’ వరుస, అదీ తల్లిదే, అదీ పోవాలి. రెండు చోట్లా జ్ఞాపకం చెరిపితేనే మెషీన్ లేస్తుంది. ఒక్కచోట చెరిపినవాడు ‘నేను చేశాను, పని చేయలేదు’ అని ఊరంతా చెప్పి, తర్వాత వచ్చేవాణ్ని కూడా చెడగొడతాడు. దుర్వ్యాఖ్య అంటే ఇదే.

అదే ఫైలులో ఐపీ అడ్రసు స్టాటిక్‌గా రాసి ఉంటే మూడో సంకటం. క్లోన్‌ను లేపే ముందు తల్లి మెషీన్‌ను ఆపి ఉంచారనుకోండి, క్లోన్ ఆ అడ్రసుతో హాయిగా లేస్తుంది, ఎవరూ ఏమీ అనరు. సాయంత్రం తల్లిని లేపితే స్క్రిప్టు ఏఆర్‌పీతో విచారించుకుని, ఈ అడ్రసును ఇంకెవరో వాడుతున్నారని ఎర్రర్ ఇచ్చి తల్లికే తలుపేస్తుంది. ఏమీ మార్చని మెషీన్ ఎందుకు చెడిందా అని దాన్నే విప్పుతూ కూర్చుంటారు. ఏఆర్‌పీ 1982 నాటి ఆర్‌ఎఫ్‌సీ 826లోది. ఈ అడ్రసు ఎవరిదని వీధిలో నిలబడి అరవడమే దాని పద్ధతి. ఆ అరుపు ఇక్కడ పనికొచ్చింది, దోషిని మాత్రం తప్పుగా చూపింది.

వీఎంవేర్‌లో ఫైళ్లను చేత్తో కాపీ చేసి తెరిస్తే మొదట ఒక ప్రశ్న అడుగుతుంది: దీన్ని తరలించావా, కాపీ చేశావా? తరలించానని అబద్ధమాడితే పాత మ్యాక్‌నే ఉంచుతుంది. పై సూత్రాలేవీ వినపడవు. కానీ అసలూ నకలూ ఒకే వలలో ఉంటే స్విచ్ ఆ అడ్రసును కాసేపు ఈ పోర్టులో, కాసేపు ఆ పోర్టులో రాసుకుంటుంది. పింగ్ నాలుగు వస్తుంది, రెండు పోతుంది. కేబుల్ మీద అనుమానపడి కేబుల్ మారుస్తారు. నిజం చెప్పడమే సుఖం.

ఉత్తరభాగం. 2013లో సిస్టమ్‌డి 197తో పేర్ల పద్ధతి మారింది. 2014లో వచ్చిన రెడ్‌హ్యాట్ 7 దాన్ని తీసుకుంది. ఇప్పుడు పేరు మ్యాక్‌ను బట్టి కాదు, కార్డు ఏ స్లాటులో ఉందన్నదాన్ని బట్టి. వర్చువల్‌బాక్స్‌లో ‘ఈఎన్‌పీ0ఎస్3’ అనీ, వీఎంవేర్ వర్క్‌స్టేషన్‌లో ‘ఈఎన్‌ఎస్33’ అనీ కనబడేవి ఇవే. క్లోన్‌లో కార్డు అదే స్లాటులో ఉంటుంది కనుక పేరు మారదు. ఈథ్0 సూత్రం అంతటితో పూర్వకవుల కాలానిదైపోయింది. క్లోన్ల బాధ మాత్రం పోలేదు, చోటు మార్చింది.

2018లో ఉబుంటు 18.04 సర్వర్ వచ్చాక వినబడ్డ ఫిర్యాదు ఇది: రెండు క్లోన్లు, రెండింటికీ వేర్వేరు మ్యాక్ అడ్రసులు, అయినా డీహెచ్‌సీపీ రెండింటికీ ఒకే ఐపీ ఇచ్చింది. ఈ తప్పు డీహెచ్‌సీపీ సర్వర్‌ది కాదు. 1997 నాటి ఆర్‌ఎఫ్‌సీ 2131 ప్రకారం, వచ్చినవాడు తన గుర్తింపు తానే చెప్పుకుంటే సర్వర్ మ్యాక్‌ను కాదు, ఆ గుర్తింపునే నమ్మాలి. ఆ గుర్తింపును కార్డును బట్టి కాక మెషీన్‌ను బట్టి చెప్పుకోమని 2006లో ఆర్‌ఎఫ్‌సీ 4361 అన్నది. సిస్టమ్‌డి-నెట్‌వర్క్‌డి ఆ మాట విని, ‘ఈటీసీ’లోని ‘మెషీన్-ఐడీ’ అనే ఫైలు నుంచి గుర్తింపు తయారుచేసుకుంటుంది. ఆ ఫైలులో 32 అక్షరాల ఒకే ఒక వరుస. క్లోన్‌తో పాటు అదీ దిగుతుంది.

శంక. ‘సార్, ఫైలు తీసేస్తే?’

సమాధానం. తీసేయకు, ఖాళీ చెయ్యి. ‘ట్రంకేట్’ కమాండుతో సున్నా బైట్లకు దించు. తర్వాత ‘వార్’ కింద ‘లిబ్’, అందులో ‘డీబస్’ డైరెక్టరీ చూడు. కొన్ని సిస్టముల్లో అక్కడ ఇంకో మెషీన్-ఐడీ విడిగా కూర్చుని ఉంటుంది. బూటులో సిస్టమ్‌డి మొదట దాన్నే అడుగుతుంది, అది పాత ఐడీనే తిరిగి చెబుతుంది, చేసిన పనంతా నీళ్లపాలు. దాన్ని తీసేసి అసలు ఫైలుకు సింబాలిక్ లింకు పెట్టాలి. అంతా అయ్యాక టెంప్లేట్‌ను ఆపెయ్యి. చూద్దామని మళ్లీ ఒక్కసారి ఆన్ చేశావా, దానికి కొత్త ఐడీ వచ్చేస్తుంది. నీ క్లోన్లన్నీ మళ్లీ కవలలే.

ఉబుంటులో నెట్‌వర్క్ అమరికలు రాసే నెట్‌ప్లాన్ ఫైలులో డీహెచ్‌సీపీ గుర్తింపుగా మ్యాక్‌నే వాడమని ఒక వరుస రాస్తే ఐపీ తగాదా తీరుతుందన్నది కొందరి మతం. తీరుతుంది. కానీ జర్నల్ లాగుల మీద కూడా ఆ మెషీన్-ఐడీయే పడుతుంది. లాగులన్నీ ఒకచోటికి చేర్చే సంస్థలో ఏది ఎవరి ఏడుపో తేలదు. వీటన్నిటికీ నాకు నచ్చిన మందు క్లోన్ తీయకముందే మూలాన్ని కడగడం. లిబ్‌గెస్ట్‌ఎఫ్‌ఎస్ ప్రాజెక్టువారి ‘వర్ట్-సిస్‌ప్రెప్’ ఒక్క దెబ్బతో పట్టీ, పుట్టుమచ్చ, మెషీన్-ఐడీ అన్నీ తుడుస్తుంది. ఆపేసిన మెషీన్ డిస్కు మీదే దాన్ని నడపాలి. నడుస్తున్నదాని మీద ప్రయోగిస్తే డిస్కే పాడవచ్చు.

అది తుడిచేవాటిలోనే ఎస్‌ఎస్‌హెచ్ హోస్ట్ కీలు కూడా ఉన్నాయి. తుడవనివాళ్ల గతి చెబుతాను. రెండు క్లోన్లు ఒకే ఐపీతో కొట్టుకుంటున్నప్పుడు ఎస్‌ఎస్‌హెచ్ చేస్తే ఏఆర్‌పీ ఎవరిని చూపితే వాళ్ల దగ్గరికి వెళతాం. మామూలుగానైతే అవతలివాడు మారగానే, హోస్ట్ గుర్తింపు మారిందని తెర నిండా ఆట్ గుర్తులు వేసి ఎస్‌ఎస్‌హెచ్ అరిచి ఆపేది. ఇక్కడ కీలు కూడా కవలలే కనుక కిక్కురుమనదు. హోస్ట్‌నేమ్ కూడా మార్చలేదు కనుక ప్రాంప్టు కూడా అదే. మొదటి మెషీన్‌లో ఉన్నామనుకుని రెండోదాంట్లో ఫైలు డిలీట్ చేస్తాం, తర్వాత మళ్లీ లాగిన్ అయితే ఆ ఫైలు ఉంటుంది. అలాంటప్పుడు దెయ్యాన్ని అనుమానించే ముందు మూడో మెషీన్ నుంచి ‘ఐపీ నైబర్’ కొట్టి, ఆ ఐపీ ఎదురుగా ఉన్న మ్యాక్ నిమిషానికోసారి మారుతోందేమో చూడండి.

మారుతుంటే ఒకదాన్ని ఆపి, రెండోదాని కన్సోల్‌లోకి నేరుగా వెళ్లి, మెషీన్-ఐడీ ఖాళీ చేసి, హోస్ట్‌నేమ్ మార్చి, పాత హోస్ట్ కీలు తీసేసి కొత్తవి పుట్టించి, రీబూట్ చేయాలి. దానికిప్పుడు వేరే ఐపీ వస్తుంది. ఎప్పుడైనా పాత ఐపీనే దానికి ఇవ్వాల్సి వస్తే ఎస్‌ఎస్‌హెచ్ తప్పకుండా గోల పెడుతుంది. ఆ గోల న్యాయమైనదే. కన్సోల్‌లో కనబడిన ఫింగర్‌ప్రింటును తెర మీది దానితో సరిచూసుకుని, ‘ఎస్‌ఎస్‌హెచ్-కీజెన్ మైనస్ ఆర్’తో పాత వరుస తీసేసి లోపలికి వెళ్లండి.